మూడో అంతస్తులో బుచ్చిరాములు

మంచిర్యాల దాటి కాస్త ముందుకు పోతే వచ్చే గని కాలనీలో సదానందాన్ని ఎరగనివాళ్లు తక్కువ. అతనితో నాలుగు మాటలు మాట్లాడినవాళ్లు అంతకన్నా తక్కువ. బొగ్గుగనిని అక్కడ బాయి అంటారు. సదానందం వయసంతా బాయిలోనే గడిచింది. లోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టడం అతని పని. రిటైరయ్యాక కాలనీ పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పట్టి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పొద్దంతా ముందుగదిలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. భార్య కిష్టవ్వ అన్నం తినమంటే తినేవాడు, మందు వేసుకోమంటే వేసుకునేవాడు. అడిగినదానికి అవును, కాదు. అంతే.

వాళ్లకు ఒక్కతే కూతురు వినోద. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకుంది. పొద్దున బస్సెక్కి పోయి, చీకటి పడే వేళకు ఇల్లు చేరేది. ఒకసారి ఎవరో పాత సామాను అమ్ముకుంటూ ఆమె దుకాణంలో ఒక కంప్యూటర్ పడేసి పోయారు. దాంట్లో ఒక పాత ఆట ఉంది. కరీంనగర్‌లో చదువుకునే రోజుల్లో స్నేహితురాలి ఇంట్లో వినోద ఆ ఆటను చూసింది. పాడైన భాగాలు మార్చి, కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టింది. ఆదివారాలు కాసేపు ఆడుకుందామని ఆమె ఆలోచన.

ఆ ఆటలో మనమే నడుస్తున్నట్టు ఉంటుంది. ఎదురుగా రాతి దారి, రెండు పక్కలా రాతి గోడలు. ఒక మీట నొక్కితే ఒక అడుగు ముందుకు పడుతుంది, ఇంకోటి నొక్కితే పక్కకు తిరుగుతాం. పైన ఎక్కడో పాడుబడ్డ కోట ఉంటుంది. దాని కింద అంతస్తు కింద అంతస్తుగా చీకటి గదులు. అన్నింటికన్నా అడుగున ఒక మాంత్రికుడు ఉంటాడు. నలుగురు మనుషులతో దిగాలి. చేతిలో కాగడా కాలిపోతూ ఉంటుంది. తిండి అయిపోతుంది, నీళ్లు అయిపోతాయి. మూల తిరిగితే ఏ రాకాసి ఉంటుందో తెలియదు.

ఒక ఆదివారం వినోద ఆడుతుంటే వెనక నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"గాడ నిలవడకు."

వినోద వెనక్కి తిరిగింది. సదానందం కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె భుజం మీదుగా తెర చూస్తున్నాడు.

"ఎందుకు బాపూ?"

"కప్పు చూసినవా? అంత వెడల్పు కప్పుకు ఒక్క దిమ్మ లేదు."

"గిది ఆట బాపూ. గీ కప్పు కూలదు."

"కూలని కప్పు యాడన్న ఉంటదా?"

అతను వరసగా అన్ని మాటలు మాట్లాడి చాలా కాలమైంది. వినోద లేచి తండ్రిని తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూపించింది. ఆట మొదటి నుంచి పెట్టింది.

"నలుగురి పేర్లు అడుగుతుంది బాపూ. ఏం పెట్టాలె?"

"నా పేరు పెట్టు."

"ఇంకో ముగ్గురు?"

సదానందం కాసేపు ఆలోచించాడు. "ఓదెలు. లింగయ్య."

"నాలుగో పేరు?"

ఈసారి తెర మీంచి చూపు పక్కకు తిప్పుకున్నాడు. "బుచ్చిరాములు," అన్నాడు చివరికి.

వంటింట్లో కూర కలుపుతున్న కిష్టవ్వ చేయి ఆగిపోయింది. ఆ పేరు భర్త నోట వినపడి పాతికేళ్లు దాటింది.

నలుగురూ ఒకప్పుడు ఒకే ముఠాలో పనిచేశారు. ఓదెలు, లింగయ్య తరవాత వేరే గనులకు బదిలీ అయి పోయారు. బుచ్చిరాములు ఎక్కడికీ పోలేదు. గనిలోనే ఉండిపోయాడు.

అది వినోద చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. గని లోపల బొగ్గు ఒక్కోసారి తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. ఆ రోజు పగటి షిఫ్టులో అలాగే ఒక భాగంలో పొగ లేచింది. పనివాళ్లను బయటికి రమ్మన్నారు. అందరూ వచ్చారు, లోపలి చివరన ఉన్న బుచ్చిరాములు తప్ప. ముసుగులు వేసుకున్న రక్షణ బృందం రెండుసార్లు లోపలికి పోయి, వేడికి తట్టుకోలేక తిరిగి వచ్చింది. నిప్పు మిగతా గనికి పాకకుండా ఉండాలంటే దానికి గాలి అందకుండా చేయాలి. ఆ భాగానికి పోయే దారులన్నీ ఇటుక గోడ కట్టి మూసేయాలి. గోడకు ఊతంగా దుంగలు కావాలన్నారు. దుంగలు నిలబెట్టిన వాళ్లలో సదానందం ఒకడు.

బుచ్చిరాములు భార్య సత్తవ్వ అప్పుడు చంటిపిల్ల తల్లి. గని గేటు దగ్గర కూర్చుని ఉంది. సదానందం పైకి రాగానే అతని చొక్కా పట్టుకుని ఒక్కటే అడిగింది.

"తమ్మీ, గోడ కట్టేటప్పుడు మీ అన్న బతికే ఉన్నడా?"

సదానందం జవాబు చెప్పలేదు. చొక్కా విడిపించుకుని ఇంటికి నడిచాడు.

కొన్నాళ్లకు భర్త బదులు సత్తవ్వకు గనిలో ఉద్యోగం ఇచ్చారు. దిగే ముందు పనివాళ్లకు టోపీ దీపాలు ఇచ్చే గదిలో పని. సదానందం డ్యూటీ ఎక్కేటప్పుడు ఆమె చేతి నుంచే దీపం తీసుకునేవాడు, పని అయ్యాక ఆమె చేతికే ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. ఆమె మళ్లీ అడగలేదు. అతను తల ఎత్తలేదు. గని మూతపడి, ఇద్దరూ రిటైరయ్యాక ఆ కాస్త ఎదురుపడటం కూడా పోయింది. రెండు వీధుల అవతలే ఆమె ఇల్లు. సదానందం ఆ వీధిలోంచి వెళ్లేవాడు కాదు.

ఇప్పుడు ఆ నలుగురూ తెర మీద చీకట్లోకి దిగారు.

సదానందానికి ఆట బాగా రాలేదు. అతని వేళ్లు మోటువి. ఒక మీట బదులు రెండు నొక్కేవాడు, గోడకు పోయి గుద్దుకునేవాడు. రాకాసి ఎదురైతే ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవాలి. అయినా కిష్టవ్వ గిన్నెలు కడగడం మొదలుపెట్టేసరికి కంప్యూటర్ ముందు చేరేవాడు. దారి మరిచిపోకుండా సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీసుకునేవాడు. మర్నాడు పొద్దున కిష్టవ్వ ఇల్లు తుడిస్తే గీతలన్నీ పోయేవి.

"జర చూసి తుడువరాదే?" అనేవాడు.

"నడింట్ల గీతలు గీస్తె తుడువనా మరి? నీ బాయి నాకేం ఎర్క!" అని ఆమె కసిరేది.

కానీ లోలోపల ఆమెకు సంతోషంగానే ఉండేది. మనిషి మాట్లాడుతున్నాడు. కసురుకుంటున్నాడు. కూతురు దుకాణం నుంచి రాగానే, "లింగయ్యకు ఆకలైతుంది, తిండి దొరుకత లేదు, ఏం జెయ్యాలె?" అని అడుగుతున్నాడు.

అలా ఒక్కో అంతస్తూ దిగి మూడోదానికి చేరుకున్నారు. అక్కడ ఒక ఇరుకు దారి చివర రాతి మనిషిలాంటి రాకాసి కాపలా ఉంది. సదానందం తడబడ్డాడు. వెనక్కి తగ్గబోయి ముందుకు నొక్కాడు. రాకాసి చేయి విసిరింది. తెర పైన నాలుగు బొమ్మల్లో ఒకటి ఆరిపోయి, దాని చోట పుర్రె వచ్చింది. కింద రాతి నేల మీద ఎముకల పోగు. ఆరిపోయింది బుచ్చిరాములు బొమ్మ. మిగతా ముగ్గురినీ తీసుకుని సదానందం పారిపోయాడు. ఎముకలు అక్కడే ఉండిపోయాయి.

సాయంత్రం వినోద వచ్చేసరికి అతను కంప్యూటర్ అలాగే ఉంచి మంచం మీద పడుకుని ఉన్నాడు.

"ఫికర్ చెయ్యకు బాపూ," అంది ఆమె. "పొద్దుగాల ఆట సేవ్ చేసి పెట్టిన కాడి నుంచి మళ్ల మొదలుపెట్టచ్చు. ఆయన సావనట్టే ఉంటది."

"అట్లొద్దు."

"ఎందుకు?"

"సచ్చిండు గద బిడ్డా. సావలేదని ఎట్లంట?"

వినోద తండ్రి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆ ఆటలోనే ఇంకో ఉపాయం ఉంది. చనిపోయిన మనిషి ఎముకలు ఏరుకుని రెండో అంతస్తులో ఉన్న గద్దె మీద పెడితే ఆ మనిషి లేచి వస్తాడు. కాకపోతే ఎముకల కోసం మళ్లీ ఆ ఇరుకు దారిలోకే పోవాలి. రాకాసి అక్కడే ఉంటుంది.

సదానందం లేచి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. పోవడం, దెబ్బలు తినడం, పారిపోయి రావడం. ఒకసారి ఓదెలు కూడా చావబోయి బతికాడు. సదానందం అన్నం సరిగా తినడం లేదు. మధ్యాహ్నం కునుకు కూడా మానేశాడు. కిష్టవ్వకు భయమేసింది. కూరగాయల బండి దగ్గర సత్తవ్వ కనిపిస్తే ఉండబట్టలేక చెప్పేసింది.

"అక్కా, మా ఆయన గా కంప్యూటర్ ఆటల ఒక మనిషికి బుచ్చిరాములు బావ పేరు పెట్టుకున్నడు. ఆయన సచ్చిపోయిండట దాంట్ల. తీస్కరావాలె, తీస్కరావాలె అని పరేషాన్ అయితుండు. నాకేం సమజైతలేదు."

సత్తవ్వ కూరగాయలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఎందుకు చెప్పానా అని కిష్టవ్వ ఇంటికి వచ్చేదాకా తనను తాను తిట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం సత్తవ్వ వాళ్ల ఇంటికి వచ్చింది. గడపలో చెప్పులు విడిచి తిన్నగా ముందుగదిలోకి నడిచింది. సదానందం ఆమెను చూసి గాభరాగా తెర ఆర్పబోయాడు.

"బంద్ చెయ్యకు తమ్మీ," అంది సత్తవ్వ. "యాడున్నడు?"

సదానందం తల వంచుకున్నాడు. "మూడో అంతస్తుల."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

సత్తవ్వ గోడ పక్కనున్న స్టూలు లాక్కుని అతని వెనక కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "తీస్కరా. నేను చూస్త," అంది.

తరవాత చాలా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఆమె భోజనం చేసి వచ్చి కూర్చునేది. కిష్టవ్వ చాయ పెట్టి ఇచ్చేది. ఇద్దరి మధ్యా ఆట మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఎడమకు తిరుగు, వెనుక చూసుకో, కాగడా ఆరిపోతుంది. ఏ మూల తిరిగితే ఏముందో సత్తవ్వకు కూడా అలవాటైంది. కిష్టవ్వ ఇల్లు తుడిచేటప్పుడు సుద్దగీతల చుట్టూ తుడవడం మొదలుపెట్టింది.

చివరికి ఒక రోజు రాకాసి కాస్త పక్కకు జరిగిన సందులో సదానందం ముందుకు దూకి ఎముకలు అందుకున్నాడు. అందుకున్న వెంటనే వెనక్కి పరుగు. ముగ్గురిలో ఎవరికీ ప్రాణం నిండుగా లేదు. కాగడాలు అయిపోయాయి. తెర దాదాపు నల్లగా ఉంది. అతను మీటలు నొక్కుకుంటూ, గోడలకు గుద్దుకుంటూ, సుద్దగీతలు చూసుకుంటూ మెట్లెక్కి రెండో అంతస్తుకు వచ్చాడు. గద్దె దగ్గరికి చేరేసరికి అతనికే నిజంగా ఊపిరి అందడం లేదు. ఎముకలు గద్దె మీద పెట్టాడు.

తెర ఒక్కసారి వెలిగింది. పుర్రె పోయి బుచ్చిరాములు బొమ్మ మళ్లీ వచ్చింది.

కిష్టవ్వ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది.

"ఆకలి మీదుండచ్చు," అంది సత్తవ్వ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఏదన్న పెట్టు."

సంచిలో మిగిలిన ఒక్క రొట్టె సదానందం బుచ్చిరాములుకు ఇచ్చాడు. ఇచ్చి, మీటల మీంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

సత్తవ్వ చాలాసేపు ఆ బొమ్మను చూసింది. ఎక్కడివాడిదో బొమ్మ. గడ్డం, తలపాగా. ఆమె భర్తకు ఏ పోలికా లేదు.

"తమ్మీ," అంది తెర మీంచి చూపు తిప్పకుండానే. "అప్పుడొక మాట అడిగిన. యాదికున్నదా?"

"ఉన్నది వదినె."

"ఇప్పుడన్న చెప్పు."

సదానందం మొహం చేతుల్లో దాచుకోలేదు. ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"గోడ సగం లేచినంక మిగిలిన సందుల చెవి పెట్టి విన్న వదినె. గాలి లోపలికి గుంజుకుంటున్న సప్పుడే ఇనొచ్చింది. మనిషి సప్పుడు లేదు. అన్నా అని పిలిచిన. పక్కోళ్లు నన్ను గుంజేసిండ్రు. ఉన్నడా, లేడా, నాకెర్క లేదు. ఉన్నడంటె అబద్ధమే, లేడంటె అబద్ధమే. ఏం చెప్పాలె నీకు?"

"గిదే చెప్తె అయిపోతుండె గద."

"నోరు రాలే."

సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చెప్పకపోతె నేనేమనుకున్ననో ఎర్కనా తమ్మీ? ఆయన అరిచిండు, నువ్వు ఇన్నవు అనుకున్న. ఇని, నాకు చెప్పలేక తప్పిచ్చుకోని తిరుగుతున్నవనుకున్న. నీ చేతికి దీపమిచ్చినప్పుడల్ల గదే అనుకున్న. ఆయన ఏమని అరిచిండో, నా పేరు పట్టి పిలిచిండో, బిడ్డ పేరు పట్టి పిలిచిండో అని."

సదానందానికి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. తన మౌనం ఆమెకు ఏం చేసిందో అతను ఏనాడూ ఊహించలేదు. ఏదో అనబోయాడు, దగ్గు తెర వచ్చింది. కిష్టవ్వ నీళ్లు తెచ్చి తాగించింది. ముగ్గురూ చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు. వినోద వచ్చి లైటు వేసింది.

మూతపడ్డ ఆ గని మీదనే అప్పటికి కొంతకాలంగా ఓపెన్‌కాస్టు తవ్వుతున్నారు. పైన మట్టి అంతా తీసేసి, పెద్ద యంత్రాలతో ఆకాశం కిందే బొగ్గు తవ్వుతారు. తవ్వుతూ పోతే పాత గని దారులు బయటపడతాయి. ఆ సంగతి సత్తవ్వకు తెలుసు, సదానందానికీ తెలుసు. ఎవరికి వారు తెలియనట్టు ఉన్నారు. ఇప్పుడు సత్తవ్వే అడిగింది.

"ఆయనున్న కాడికి తవ్వుతరా?"

"తవ్వుతరు. ఎప్పుడో ఎర్కలే."

"అడుగుదాం పా."

ఇద్దరూ ఆఫీసుకు పోయారు. ఆయాసంతో సదానందం దారిలో మూడు చోట్ల కూర్చోవలసి వచ్చింది. అక్కడి అధికారి వయసులో చిన్నవాడు. మర్యాదగా కూర్చోబెట్టి, పాత పటాలు తెప్పించి చూశాడు. ఆ భాగానికి వానలు పోయాక చేరుకుంటామని, చేరుకున్నప్పుడు తప్పకుండా కబురు చేస్తామని చెప్పాడు. "కానీ అమ్మా, ఏం దొరుకుతుందో నేను మాటివ్వలేను," అన్నాడు. సత్తవ్వ సరేనంది.

చలికాలంలో కబురు వచ్చింది. టోపీలు పెట్టి, జీపులో ఎక్కించుకుని తీసుకుపోయారు. పెద్ద గోయి. అంచెలంచెలుగా తవ్విన గోడలో పాత గని దారులు నల్లటి కన్నాల్లా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు వంగి నడిచిన దారుల మీద ఎండ పడుతుంటే సదానందం అలవాటుగా టోపీ మీద దీపం కోసం తడుముకున్నాడు. అధికారి ఒక చోటికి తీసుకుపోయి చేయి చూపించాడు. అక్కడ బొగ్గు లేదు. ఇటుకలా కాలిన ఎర్రటి రాయి, మధ్యలో తెల్లటి బూడిద. మూసేశాక కూడా పగుళ్లలోంచి గాలి చేరి లోపల చాలాకాలం మండిందని, మనుషులను పెట్టి వెతికించామని, ఏమీ మిగల్లేదని చెప్పాడు.

సత్తవ్వ ఆ ఎర్రటి చోటును చూస్తూ నిలబడింది.

"అంటె కాలిండా?" అని అడిగింది.

అధికారి తల దించుకున్నాడు. "అవునమ్మా."

"మట్టిల కుళ్లలేదు గద?"

"లేదమ్మా."

సత్తవ్వ సదానందం వైపు తిరిగింది. "తమ్మీ, గింత కాలం మీ అన్న చీకట్ల గట్లనే పడి ఉన్నడనుకున్న. కట్టె పేర్చలే, నిప్పు పెట్టలే అని కుమిలిన. కాలిండంటె చాలు. గది చాలు."

వంగి గుప్పెడు ఎర్రమట్టి తీసి కొంగున ముడి వేసుకుంది. అధికారి అడ్డు చెప్పలేదు. సదానందం ఆ ఎర్రటి రాళ్ల పక్కన కూర్చుని, బాయిలో దిగిన నాటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. సత్తవ్వ అతని పక్కనే నిలబడింది.

వారం తిరగకుండా ధర్మపురి పోయారు. సత్తవ్వ, గోదావరిఖని నుంచి వచ్చిన ఆమె బిడ్డ జ్యోతిరాణి, సదానందం, కిష్టవ్వ. తండ్రి పోయేనాటికి జ్యోతిరాణి పాలు తాగే పిల్ల. ఆయన మొహం ఫొటోలోనే చూసింది. గోదావరి ఒడ్డున ఆమే పిండం పెట్టింది. అయ్యగారు తండ్రి పేరు చెప్పమంటే, "బుచ్చిరాములు," అని గట్టిగా పలికింది. ఎర్రమట్టి నీళ్లలో కలిపారు. నీళ్లు కాసేపు ఎర్రబడి మళ్లీ మామూలయ్యాయి. నరసింహస్వామి దర్శనం చేసుకుని, గుడి బయట హోటల్లో అన్నం తిన్నారు. సత్తవ్వ పప్పు మళ్లీ వేయించుకుని తిన్నది.

మంచిర్యాల బస్సులో సత్తవ్వ, జ్యోతిరాణి ఒక సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో సదానందం, కిష్టవ్వ. రాయపట్నం వంతెన మీదికి ఎక్కినప్పుడు జ్యోతిరాణి వెనక్కి తిరిగింది.

"కాకా, మా బాపు ఎట్లుండేటోడు? గీ అవ్వను అడిగితె ఎప్పుడు చెప్పలే."

సదానందం భార్య వైపు చూశాడు. చెప్పమన్నట్టు కిష్టవ్వ తల ఊపింది.

"నిద్రమొద్దు," అన్నాడు. "షిఫ్టు అయిపోయి పైకొచ్చేటప్పుడు లిఫ్టుల నిలవడే నిద్రపోతుండె. ఒకసారి దిగుడే మరిచిపోయి మళ్ల కిందికి పోయిండు."

సత్తవ్వ వెనక్కి తిరగలేదు. కానీ ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందని అందరికీ తెలిసింది.

"ఇంటికాడ గంతే," అంది. "బువ్వ తినుకుంటనే నిద్రపోతుండె. ఇంకేం చేసేటోడు తమ్మీ? నాకు ఎర్కలేనియి చెప్పు."

సదానందం ముందు సీటు కడ్డీ పట్టుకుని ముందుకు వంగాడు. ఆయాసం వస్తే ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ చెప్పసాగాడు. లక్సెట్టిపేట దాటినా, ఊర్లు వచ్చి పోతున్నా అతని మాట ఆగలేదు.